ముద్రయు మనుష్యుడును

బీదరు చెంత అష్టూరులో బహమనీ సుల్తానుల సమాధులు ఉన్నత గుమ్మటములతో నిలిచియున్నవి. ఆ రాజ్యమునకు కీర్తి తెచ్చిన మంత్రి మహమూద్ గవాను మాత్రము అదే బీదరు సమీపమున, గోర్నళ్లి గ్రామము కడ, నిరాడంబరమైన సమాధిలో విశ్రమించుచున్నాడు.

ఇరానులోని గీలానున జన్మించి, వర్తకుడై వచ్చి, ఈ దేశమునే తనదిగా చేసికొన్నవాడాయన. 1472లో ఆయన కట్టించిన మదరసా శిథిలమైనను నేటికిని బీదరునకు అలంకారమే. రాజ్యమందలి నాలుగు రాష్ట్రములను ఎనిమిదిగా విభజించి, ప్రభువుల అధికారమును తగ్గించుటచే పలువురకు కంటకుడయ్యెను. వారు ముద్రను కాపాడు సేవకుని లోబరచుకొని, వట్టి కాగితముపై మంత్రి ముద్ర వేయించి, ఒడిశా గజపతికి ఆయనయే వ్రాసినట్లు ద్రోహలేఖను సృష్టించిరి. 1481లో మన కొండపల్లి కడ మూడవ మహమ్మదు షా, విచారణయైనను చేయక, ఆ వృద్ధుని శిరస్సు ఖండింపజేసెను. పిదప నిజమెరిగి వగచి, మరుసటి యేడే తానును మరణించెను.

ముద్ర నిజమైనదే, వ్రాత అబద్ధము. సుల్తాను ముద్రను చూచెనేగాని, ఇరువదియైదేండ్లకు మించిన సేవను చూడలేదు. పరదేశియన్న శంక మనసున ఉన్నచోట ఒక కాగితమే చాలును.

తరతరములుగా పరసీమలలో స్థిరపడిన మనము, మన పనిని చూచి మనలను నమ్మవలెనని కోరుచున్నాము. న్యాయమైన కోరికయే. అయితే నిన్న మన వీథికి వచ్చినవానిని మనమును ఆ కొలతతోనే కొలుచుచున్నామా?