భాగాల్లో లేని గుణం మొత్తానికి వస్తుందా?

ఆత్మ ఉందని చెప్పడానికి మన దర్శనకారులు తరతరాలుగా వాడుతూ వచ్చిన తర్కం ఒకటుంది. మట్టి, నీరు, నిప్పు, గాలి వీటిలో దేనికీ విడిగా చైతన్యం లేదు. కనుక వీటి కలయికైన దేహానికీ అది ఉండదు. అయినా మనకు చైతన్యం అనుభవంలో ఉంది కాబట్టి దానికి ఆశ్రయం వేరే ఉండాలి, అదే ఆత్మ. దీనికి జవాబుగా, దేహమే ఆత్మ అనే చార్వాకులు మద్యాన్ని చూపించారు. దినుసుల్లో దేనికీ లేని మత్తు అవి కలిసి పులిసినప్పుడు వస్తోంది కదా అన్నారు. సాంఖ్యులు ఒప్పుకోలేదు. ఆ మత్తు ప్రతి దినుసులోనూ సూక్ష్మంగా ఉన్నదేననీ, కలయిక దాన్ని బయటపెట్టిందంతే అనీ బదులిచ్చారు. వైశేషికులు కూడా కారణంలోని గుణాన్ని బట్టే కార్యంలోని గుణం వస్తుందన్నారు. ఈ తగాదాను పులిసిన దినుసులతో తేల్చడం కష్టం. అయస్కాంత లోహాలను త్రీడీ ప్రింటింగ్‌తో తయారుచేస్తున్న ప్రయోగశాలల్లో మాత్రం దాన్ని తేల్చగల సాక్ష్యం దొరుకుతోంది. ఆ సాక్ష్యం చార్వాకుల ఉదాహరణను బలపరుస్తుంది, వారి ముగింపును కాదు.

ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్ల లోపలి రేకులకు వాడే ఇనుము, సిలికాన్ మిశ్రమాన్నే తీసుకుందాం. మామూలు రేకుల్లో సిలికాన్ 3 శాతం దగ్గర ఆగిపోతుంది. దాన్ని 6.5 శాతానికి పెంచితే శక్తి నష్టం తగ్గుతుంది, అయస్కాంతీకరణ వల్ల లోహం సాగడం, కుంచించుకోవడం దాదాపు ఉండవు. కానీ అంత సిలికాన్ చేరిన లోహం పెళుసెక్కి రోలింగ్ మిల్లులో పగిలిపోతుంది. ప్రింటింగ్‌లో రేకును సాగదీసే పనే లేదు. పదుల మైక్రాన్ల పరిమాణమున్న రేణువుల పొడిని పల్చగా పరుస్తారు. లేజర్ తిరిగిన మేరకు పొడి కరిగి, సెకనుకు లక్షల డిగ్రీల వేగంతో చల్లారి గడ్డకడుతుంది. దానిమీద మరో పొర వేస్తారు. ఇలా వచ్చిన ముక్క ఆకారంలో సరిగ్గానే ఉంటుంది, అయస్కాంతంగా మాత్రం మందకొడిగా ఉంటుంది. ఒక్కసారిగా చల్లారడంతో లోపల ఒత్తిళ్లు చిక్కుకుపోతాయి, స్ఫటికాలు చిన్నవిగా మిగిలిపోతాయి, డొమైన్ల (ఒకే దిశకు అయస్కాంతీకరణ ఉన్న చిన్న ప్రాంతాల) మధ్య గోడలు తేలిగ్గా కదల్లేవు. అదే ముక్కను కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటించి నెమ్మదిగా చల్లారిస్తే ఒత్తిళ్లు సడలుతాయి, స్ఫటికాలు పెరుగుతాయి, అయస్కాంత పారగమ్యత, అంటే తేలిగ్గా అయస్కాంతీకరణ చెందే గుణం, ఎన్నో రెట్లు హెచ్చుతుంది. కొత్తగా కలిపిన లోహమేమీ లేదు. లేజర్ శక్తిని, అది నడిచే దారిని మార్చినా ఇలాంటి తేడాయే వస్తుంది. ఇనుప స్ఫటికం ఘనపు అంచు దిశలో సులువుగా, మూల నుంచి మూలకు పోయే కర్ణం దిశలో కష్టంగా అయస్కాంతీకరణ చెందుతుంది. స్ఫటికాలు ఏ దిశగా పేరుకున్నాయన్నదాన్ని బట్టి ఒకే పొడికి వేర్వేరు గుణాలు వస్తాయి.

ఇనుముకు ఆ గుణం పుట్టుకతోనే ఉంది, ఇక్కడ మారింది హెచ్చుతగ్గులే కదా అని సాంఖ్యులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రాగిపొడితో ఎన్ని పొరలు వేసినా అయస్కాంతం రాదు, పదార్థానికి యోగ్యత ఉండాల్సిందే. కానీ 1903లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిడ్‌రిష్ హాయిస్లర్ వెలుగులోకి తెచ్చిన మిశ్రమాన్ని చూడండి. రాగి, మాంగనీస్, అల్యూమినియం. వీటిలో ఏ ఒక్క లోహమూ అయస్కాంతానికి అంటుకోదు. మూడూ సరైన పాళ్లలో, సరైన వరసలో స్ఫటికంగా అమరితే అంటుకుంటుంది. మాంగనీస్ పరమాణువుకు సూక్ష్మమైన అయస్కాంతత్వం ముందే ఉంది, సాంఖ్యులు చెప్పింది ఇదే అనవచ్చు. పరమాణువుకు అది ఉన్న మాట నిజమే. అయినా శుద్ధ మాంగనీస్ ఇనుప రజనును లాగదు. లాగాలంటే అసంఖ్యాకమైన పరమాణువుల అయస్కాంతత్వాలు ఒకే దిశకు తిరిగి నిలవాలి. ఒకే దిశకు తిరగడమన్నది వాటి మధ్య ఉండే సంబంధం. సంబంధం ఏ ఒక్కదానిలోనూ సూక్ష్మంగా దాగి ఉండే వస్తువు కాదు. రెండోది లేనిదే దానికి ఉనికే లేదు. కాబట్టి ముందే ఉన్నది యోగ్యత మాత్రమే. గుణం కూర్పుతో కొత్తగా పుట్టింది.

ఈ మాట మన సంప్రదాయానికి బయటిదేమీ కాదు. మహత్పరిమాణం, అంటే కంటికి ఆనేంత పెద్దదనం, పరమాణువుకూ లేదు, రెండు పరమాణువుల ద్వ్యణుకానికీ లేదు. మూడు ద్వ్యణుకాలు కలిసిన త్ర్యణుకానికి అది వస్తోందంటే కారణం వాటి పరిమాణం కాదు, సంఖ్య అని వైశేషికులే చెప్పారు. భాగాల్లో లేనిది మొత్తంలో పుట్టడాన్ని పరిమాణం విషయంలో వారు అంగీకరించినట్టే కదా. చైతన్యం దగ్గరకు వచ్చేసరికి, భాగాల్లో లేదన్న ఒక్క కారణంతో అలా పుట్టే అవకాశాన్ని కొట్టిపారేయడం సరికాదు. వారికి లేజర్ తెలుసనీ, డొమైన్లు తెలుసనీ నేను అనడం లేదు. వారు పెట్టుకున్న నియమాన్ని ఈనాటి సాక్ష్యంతో పరీక్షించడం వారికి మనం చేయగల గౌరవమని అంటున్నాను.

అయితే ఆత్మ లేదని తేలినట్టేనా? కాదు. అయస్కాంతత్వం బయటినుంచి కొలవగలిగేది. పరమాణువుల అమరిక తెలిస్తే అది ఎందుకు వచ్చిందో చెప్పగలం. బాధ, సంతోషం లోపలినుంచి మాత్రమే తెలిసేవి. ఏ అమరికకు అవి ఎందుకు వస్తాయో ఇంతవరకు ఎవరూ అలా చెప్పలేకపోయారు. కనుక లోహం సాక్ష్యం దేహమే ఆత్మ అని నిరూపించదు, ఆత్మవాదుల చేతిలోని ఒక ఆయుధాన్ని మాత్రం తీసేస్తుంది. వారికి ఇంతకన్నా గట్టి ఆధారాలున్నాయి. కంటితో చూసినదాన్నే చేతితో తాకి, రెండూ ఒకటేనని గుర్తించే జ్ఞాత ఒకడుండాలన్న నైయాయికుల వాదం వాటిలో ఒకటి. ఆ వాదానికి లోహశాస్త్రంతో పేచీ లేదు. వేదాంతం బోధించేవారు, రాసేవారు ఇకనైనా అలాంటి వాదాల మీదే నిలబడాలి. జడం నుంచి కొత్త గుణం రాదన్న మాట మీద కట్టిన విశ్వాసం ఒక లోహపు ముక్క ముందే ఓడిపోతుంది. విశ్వాసానికి అంత బలహీనమైన పునాది అక్కర్లేదు.