ఆటా, పాఠమా?

ప్రాథమిక పాఠశాలలో పిల్లల చేత ఆడించే సంగీతపు ఆటల వెనుక పాత తాత్విక ప్రశ్న ఒకటుంది. ఆట ఆనందం కోసం, బడి ప్రయోజనం కోసం. ఏదో నేర్పాలని ఆడించేది ఆట అనిపించుకుంటుందా?

ప్లేటోకు ఇందులో వైరుధ్యం కనిపించలేదు. బలవంతపు చదువు మనసులో నిలవదనీ, పిల్లలకు ఆటలతోనే నేర్పాలనీ ‘రిపబ్లిక్’లో చెప్పాడు. అలాగని ఆటను తేలిగ్గానూ తీసుకోలేదు. ఆటల్లో తరచూ మార్పులు చేసుకుంటూ పెరిగినవారు పెద్దయ్యాక చట్టాలనూ మార్చాలనుకుంటారని ‘లాస్’లో హెచ్చరించాడు. అరిస్టాటిల్ మాత్రం ‘పాలిటిక్స్’ ఎనిమిదో భాగంలో అభ్యంతరం చెప్పాడు. చదువులో కష్టం ఉంటుంది, ఆట అలసట తీరడానికి; రెండూ ఒకటి కావన్నాడు. అయినా పసివాళ్లకు ఆర్కిటస్ అనే ఆయన చేసిన గిలక్కాయ మంచిదేననీ, కాస్త ఎదిగినవాళ్లకు చదువే గిలక్కాయ అనీ అక్కడే ఒప్పుకున్నాడు.

భారతీయ చింతన ఆటకు ఇంకా పెద్దపీట వేసింది. ఏ లోటూ లేని బ్రహ్మం సృష్టి ఎందుకు చేసిందన్న ప్రశ్నకు బ్రహ్మసూత్రాలు ఇచ్చే జవాబు లీల. కోరికలన్నీ తీరిన రాజు వినోదం కోసం ఆడడాన్ని శంకరాచార్యులు భాష్యంలో ఉదాహరించారు. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో దేవతలు బ్రహ్మను అడిగింది కంటికీ చెవికీ ఇంపైన ఆటవస్తువు. ఆయన ఇచ్చింది ఐదో వేదం. ఆటగా అడిగినదే విద్యగా వచ్చింది.

ఈ వాదాలకు తరగతి గదిలోనే పరీక్ష పెట్టవచ్చు. కుర్చీలాటలో పాట ఆగగానే కుర్చీ దొరకనివారు ఔట్. అక్కడ పాట సైగ మాత్రమే. ఈల వేసినా ఆట సాగుతుంది. పైగా వినడంలో వెనకబడిన పిల్లే అందరికంటే ముందు బయట కూర్చుంటుంది.

తాళం ఆట తీరు వేరు. పిల్లలు గుండ్రంగా కూర్చుని చప్పట్లతో ‘తకధిమి’ని రెండుసార్లు అంటే ఎనిమిది అక్షరాలు, ఆదితాళానికి ఒక ఆవర్తం. ఒక్కో విడతకు చివరి నుంచి ఒక అక్షరాన్ని పైకి అనకుండా, చప్పట్లు మాత్రం ఆపకుండా సాగాలి. మరిచి ఎవరైనా పైకి అంటే నవ్వులు, మళ్లీ మొదలు. ఎవరూ ఔట్ కారు. లయను శరీరంతో పట్టుకున్నాకే రాతలో నేర్పాలన్న స్విట్జర్లాండ్ సంగీత గురువు ఎమిల్ జాక్-డాల్‌క్రోజ్ (1865–1950) పద్ధతికి ఇది దగ్గరిది. ఆయన విద్యార్థులు పియానో నడకను బట్టి అడుగులు వేసేవారు.

ఈ రెండో ఆటలో నియమమే సంగీతం. నేర్పాల్సినది ఆట లోపలే ఉంది కనుక ప్రయోజనం ఆనందానికి అడ్డు రాదు. అరిస్టాటిల్ చెప్పిన కష్టమూ ఉంది. పలకని అక్షరాన్ని మనసులో లెక్కపెట్టడం తేలిక కాదు. కానీ ఆ కష్టం కోసమే పిల్లలు ఇంకో విడత అడుగుతారు. దానికి మార్కులు వేస్తే ప్రయోజనం మళ్లీ ఆట బయటికి పోతుంది. అప్పుడది పరీక్షే.