తీర్పు తప్పైనప్పుడు



1988 అక్టోబరు 2న సియోల్ ఒలింపిక్స్‌లో ఒక బాక్సింగ్ ఫైనల్ జరిగింది. ఒకవైపు అమెరికాకు చెందిన 19 ఏళ్ల నల్లజాతి యువకుడు రాయ్ జోన్స్. ఇంకోవైపు ఆతిథ్య దేశం దక్షిణ కొరియా బాక్సర్ పార్క్ సీ హున్. టీవీ వాళ్ల లెక్క ప్రకారం జోన్స్ కొట్టిన దెబ్బలు 86, పార్క్ కొట్టినవి 32. ఆట తెలియనివాడు చూసినా ఎవరు గెలిచారో చెప్పేస్తాడు. అయినా ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు పార్క్‌కే ఓటేశారు. బంగారం పార్క్‌కు, వెండి జోన్స్‌కు. విచిత్రం ఏమిటంటే, ఆ ఒలింపిక్స్ మొత్తంలో మేటి బాక్సర్‌కు ఇచ్చే ట్రోఫీ మాత్రం జోన్స్‌కే దక్కింది!

దానికి పది రోజుల ముందు, సెప్టెంబరు 22న, అదే ఒలింపిక్స్‌లో ఇంకో గొడవ అయింది. బ్యోన్ జోంగ్ ఇల్ అనే కొరియా కుర్రాడు బల్గేరియా వాడి చేతిలో ఓడిపోయాడు. తలతో పొడుస్తున్నాడని న్యూజిలాండ్ రిఫరీ అతనికి పాయింట్లు కోసేశాడు. అంతే, కొరియా కోచ్‌లు, వాళ్ల మనుషులు రింగ్ ఎక్కి రిఫరీ మీద పడ్డారు. ఆ కుర్రాడు 67 నిమిషాలు రింగ్‌లోనే కూర్చుండిపోయాడు. చివరికి లైట్లు ఆర్పేశారు.

మనకెందుకయ్యా ఈ బాక్సింగ్ గొడవ అనొచ్చు. పరుగు పందెంలో ఎవరు ముందు గీత దాటితే వాడే విజేత. బాక్సింగ్‌లో అలా కాదు. ఎదుటివాడు పడిపోకుండా చివరి గంట మోగితే, గెలుపు కుర్చీలో కూర్చున్న మనుషుల మనసు మీద ఆధారపడుతుంది. అందుకే దీనికి మన బతుకుతో దగ్గరి పోలిక ఉంది. తప్పుడు తీర్పు అంటే ఏమిటో మన జనానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. రాత పరీక్షలో ముందుండి, ఇంటర్వ్యూలో ఊరూ పేరూ అడిగాక వెనకబడిన పిల్లలు ప్రతి పేటలో ఉన్నారు. ఏకలవ్యుడి బొటనవేలు కోయించిన కథా మనకు తెలుసు. (ఆటల కోచ్‌లకు ప్రభుత్వం ఇచ్చే అవార్డుకు ఆ ద్రోణాచార్యుడి పేరే పెట్టారు, 1985లో. ఆ ముచ్చట ఇంకోసారి.)

అలాంటి మనతో ఎవరైనా ధమ్మం పేరు చెప్పి, "పోనీలే, శాంతంగా ఉండు" అంటే వినబుద్ధి కాదు. వినక్కర్లేదు కూడా. "ఎవరికి ఎంత రాసిపెట్టి ఉంటే అంతే" అనే మాట ఇంకా ప్రమాదం. పూర్వజన్మ కర్మే ఈ జన్మ గతి అనే వాదాన్ని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మము'లో ఒప్పుకోలేదు. 86 దెబ్బలు కొట్టినవాడు ఓడిపోతే అది తలరాత కాదు, జడ్జీల రాత. తప్పు అని గట్టిగా చెప్పాల్సిందే.

అయితే ఎవరి మీద చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి? చిక్కంతా ఇక్కడే.

సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు గృహస్థులకు నాలుగు అగతులు చెప్పాడు. అంటే మనిషిని తప్పుదారి పట్టించే నాలుగు కారణాలు: ఇష్టం, ద్వేషం, భయం, మోహం. ఈ సుత్తం చదివినప్పుడు మనం వెంటనే జడ్జినే తలచుకుంటాం. మనవాడు కదా అని ఒకడు, పగతో ఒకడు, హాలంతా అరుస్తుంటే భయపడి ఒకడు, ఆట అర్థంకాక ఒకడు తప్పు రాస్తాడు. నిజమే. కానీ గ్యాలరీలో కూర్చున్న మనం కూడా ప్రతి రౌండుకూ మార్కులు వేస్తూనే ఉంటాం. మనవాడు కొట్టిన దెబ్బ గట్టిగా వినిపిస్తుంది, మనవాడికి తగిలిన దెబ్బ కనిపించదు. ఆ నాలుగు అగతులకు జడ్జి కుర్చీయే కావాలని లేదు, పది రూపాయల టికెట్ చాలు.

2019 డిసెంబరులో ఢిల్లీలో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్, మేరీ కోమ్ మధ్య ఎంపిక పోటీ జరిగింది. ట్రయల్ పెట్టకుండా ఒకరిని పంపడం న్యాయం కాదని నిఖత్ క్రీడల మంత్రికి లేఖ రాసి అడిగింది. ఆ అడగడం నూటికి నూరుపాళ్లు సబబు. పోటీ పెట్టారు, 9-1తో మేరీ కోమ్ గెలిచింది. తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లు అక్కడే తీర్పును తప్పుపట్టారు. అది జడ్జీల అగతా, మన ఇష్టమా? ఎవరికి వాళ్లు అడుగుకోవాలి. నిఖత్ మాత్రం సాధనలో పడింది, 2022లో ప్రపంచ చాంపియన్ అయింది.

అసలు చెడు ఎక్కడ మొదలవుతుందంటే, "తీర్పు తప్పు" అనే మాట నుంచి "వాడు అమ్ముడుపోయాడు" అనే మాటకు ఒక్క గెంతులో వెళ్లడంలో. మొదటిది మనం కళ్లతో చూసి, లెక్కపెట్టి అన్నది. రెండోదానికి రుజువు కావాలి. విన్నంత మాత్రాన నమ్మొద్దని కాలాములకు చెప్పింది మన గురువే కదా. సియోల్ జడ్జీలు లంచం తిన్నారనడానికి ఆధారం దొరకలేదని 1997లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ చెప్పింది. అంతమాత్రాన ఆ తీర్పు ఒప్పయిపోదు. తీర్పు తప్పే.

ఇంకా ఘోరమైన గెంతు ఒకటుంది. కోపం జడ్జి దగ్గరికి చేరలేక, దగ్గర్లో ఉన్నవాడి మీద పడుతుంది. 2014 ఇంచియోన్ ఆసియా క్రీడల సెమీఫైనల్‌లో మణిపూర్ బాక్సర్ సరితా దేవి కొరియా అమ్మాయి చేతిలో ఓడినట్టు ప్రకటించారు. చూసినవాళ్లలో చాలామంది సరితే గెలిచిందన్నారు. ఫిర్యాదుకు 500 డాలర్లు కట్టాలి, కట్టారు, ఫిర్యాదు కొట్టేశారు. పతకాల వేదిక మీద సరిత ఏడుస్తూ తన కంచు పతకాన్ని ఆ కొరియా అమ్మాయికే ఇచ్చేసింది. బాక్సింగ్ సంఘం ఆమెను ఏడాదిపాటు ఆటకు దూరం చేసింది. సరితను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వినే తలుపు మూసేస్తే మనిషి ఏం చేస్తాడు? చవుదార్ చెరువు దగ్గరికి 1927లో బాబాసాహెబ్ జనాన్ని నడిపించింది, కాగితం మీది హక్కు ఊళ్లో అమలు కాలేదు కాబట్టే. కానీ అక్కడ నీళ్లు తాగారు, ఎదుటివాళ్లను కొట్టలేదు. ఇంచియోన్‌లో మార్కులు వేసింది జడ్జీలు, సిగ్గుపడాల్సి వచ్చింది మాత్రం మార్కులు వేయని ఇంకో అమ్మాయి.

పార్క్ సీ హున్‌కు జరిగిందీ అదే. తీర్పు ప్రకటించగానే అతనే జోన్స్‌ను పైకెత్తి పట్టుకున్నాడు. తను ఇవ్వని తీర్పుకు ఏళ్లకేళ్లు తిట్లు తిన్నాడు, మనసు చెదిరిపోయింది. 2023లో అమెరికాలోని పెన్సకోలాకు, జోన్స్ ఊరికి వెళ్లి ఆ బంగారు పతకాన్ని అతని చేతిలో పెట్టాడు. అభిమానుల్లో ఎంతమంది ఇది చేయగలం? మనవాడికి దక్కకూడనిది దక్కినప్పుడు "ఇది మనది కాదు" అని గ్యాలరీలో లేచి అన్నవాణ్ణి నేనైతే చూడలేదు.

అరుపుల వల్ల ఏమీ మారదనుకోకండి. సియోల్ రచ్చ తరువాత 1992లో జడ్జీలకు బటన్లు, కంప్యూటర్ లెక్క వచ్చాయి. అదీ చాలలేదు. 2016 రియోలో మళ్లీ గొడవలు లేస్తే కొందరు జడ్జీలను పోటీల మధ్యలోనే తప్పించారు, తరువాత విచారణ జరిగింది, చివరికి ఆ బాక్సింగ్ సంఘం నుంచే ఒలింపిక్ బాధ్యత తీసేశారు. లెక్కలు, వీడియోలు పట్టుకుని వదలకుండా అడిగితే ఇక్కడిదాకా వచ్చింది. రిఫరీని కొట్టినందుకు మాత్రం ఒక్క రూలూ బాగుపడలేదు.

ఏప్రిల్ 14 వస్తోంది. మన విహారాల్లో పిల్లలకు వ్యాసరచన, ఉపన్యాస పోటీలు పెడతాం. కమిటీ సభ్యుడి పిల్లకు మొదటి బహుమతి వస్తే వెనక గుసగుసలు, మన పిల్లకే వస్తే చప్పట్లు. ఈసారి జడ్జీలను పక్క ఊరి నుంచి పిలుద్దాం. పిల్లల పేర్లు తీసేసి నంబర్లు ఇద్దాం. మార్కుల కాగితం విహారం గోడకు అంటిద్దాం, ఎవరైనా వచ్చి చూసుకునేట్టు. అభ్యంతరం ఉన్నవాళ్లు అడగడానికి బహుమతులు ఇచ్చేలోపు ఒక గంట టైమ్ పెడదాం.