లెక్కయు నిర్లిప్తతయు

సత్కార్యమును ఆరంభించుట కష్టము. ఆరంభించిన పిమ్మట మొదటి కొన్ని మాసములు దానిని నిలుపుకొనుట మరింత కష్టము. ఏలయన, ఆ కాలమున శ్రమ యంతయు కనబడును గాని ఫలము కనబడదు. పూర్వము ఈ కష్టము పత్రికలు నడపువారికి మాత్రమే బాగుగా తెలిసియుండెను. నేడు చేతిలో ఫోను గల ప్రతివానికిని అది అనుభవమునకు వచ్చినది. భగవద్విషయమును నలుగురికి వినిపింపవలెనను సంకల్పముతో యూట్యూబులో ఒక చానలు తెరచిన సాధకుడు, మొదటి ప్రసంగమును పెట్టిన మరుగంటనుండియే ఎందరు చూచిరి, ఎందరు చేరిరి అని లెక్కలు చూడ నారంభించును. పది పెరిగిన పొంగిపోవును. రెండు తగ్గిన క్రుంగిపోవును. జపమునకు కూర్చున్నను మనస్సు మాలపై నిలువదు, ఆ అంకెలపై నిలుచును. లోకమునకు శాంతిని బోధింప బయలుదేరినవాడు తొలివారమునందే తన శాంతిని పోగొట్టుకొనుచున్నాడు. అట్లయిన లెక్క చూచుట దోషమా? చూడకుండుట గుణమా? ఈ విషయము విచారింపదగినది.

ఇట్టి ఆరంభమునకు గొప్ప దృష్టాంతమొకటి పుదుచ్చేరిలో కలదు. ఆ పట్టణమున కాలువకు తూర్పుగా సముద్రతీరమువరకు గల భాగమును వైట్ టౌన్ అందురు. పసుపువన్నె గోడలతో, ఫ్రెంచి పేర్లు గల తిన్నని వీధులతో నొప్పు ఆ పేటలో నేడు యాత్రికులు అడుగడుగునను నిలిచి వీడియోలు తీసికొనుచుందురు. అచటి ఫ్రాన్స్వా మార్తా వీధిలో 41వ సంఖ్య గల ఇంట శ్రీ అరవిందులు 1913 నుండి 1922 వరకు నివసించిరి. 1914 ఆగస్టు 15వ తేదీన, తమకు నలుబదిరెండేండ్లు నిండిన దినమున, వారు పాల్ రిషార్, మిర్రా దంపతులతో గూడి ‘ఆర్య’ యను ఆంగ్ల మాసపత్రికను ప్రారంభించిరి. ఆ మిర్రాయే పిదప శ్రీమాతగా ప్రసిద్ధి చెందినది.

లౌకికదృష్టితో చూచిన, అంతకంటె ప్రతికూలమైన ముహూర్తము దొరకదు. బ్రిటను యుద్ధము ప్రకటించి అప్పటికి పదునొకండు దినములే అయినది. 1915 ఫిబ్రవరిలో రిషార్ దంపతులు ఫ్రాన్సునకు మరలి పోవలసివచ్చెను. జంటగా వెలువడుచుండిన ఫ్రెంచి పత్రిక ఏడు సంచికలతో నిలిచిపోయెను. ‘ఆర్య’లోని విషయములా, కథలు కావు, వార్తలు కావు, వేదార్థము, యోగసమన్వయము, బ్రహ్మతత్త్వ విచారము. నెలకు 64 పుటలు. అందు అధికభాగము ఒక్కరి లేఖినినుండియే రావలసియుండెను. ఆ ఏడవ మాసమున లెక్క కట్టి చూచినవాడు ఈ పత్రికకు ఆయువు లేదని చెప్పియుండును. కాని ‘ఆర్య’ 1921 జనవరి వరకు, ఆరున్నర సంవత్సరములు, తన వ్యయమును తానే భరించుకొనుచు నడచెను.

తొలి లెక్క ఏల మోసగించును? గీత పదునెనిమిదవ అధ్యాయమున దీనికి సమాధానము కలదు. ప్రతి కర్మయు ఐదు కారణములచే సిద్ధించునని భగవానుడు బోధించెను: అధిష్ఠానము, కర్త, కరణములు, నానావిధ చేష్టలు, ఐదవది దైవము. ఈ విభాగమును చానలునకు అన్వయించి చూడుడు. ప్రసంగించువాని దేహమును, కూర్చుండిన తావును ఆశ్రయము. అతడే కర్త. కంఠము, భాష, కెమెరా, మైకు కరణములు. విషయమును సిద్ధపరచుట, కూర్చుట, నియమముగా వెలువరించుట చేష్టలు. ఇక యూట్యూబు ఏ ఇంటివారికి ఏ వీడియోను సూచించునో, ఆనాడు పండుగయో పరీక్షయో, వినదగినవాడు ఆ ఘడియలో తీరికగా నున్నాడో లేదో, ఇవి కర్త చేతిలో లేవు. అవన్నియు దైవమను ఐదవదానిలో చేరును. ఐదుగురు కలిసి లాగిన రథము ముందునకు సాగినప్పుడు ఒకడే లాగితిననుట ఎట్టి అవివేకమో, ఆగినప్పుడు ఆ ఒకడే దోషియని విలపించుటయు అట్టిదే.

లెక్కయొక్క స్వరూపమును గూడ తెలిసికొనవలెను. ప్రకటనలవలన ఆదాయము పొందుటకు యూట్యూబు 2018 నుండి ఒక నియమము పెట్టినది: 1000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండవలెను, గడచిన సంవత్సరములో వీడియోలను జనులు చూచిన కాలము మొత్తము 4000 గంటలు కావలెను. 4000 గంటలనగా 2,40,000 నిమిషములు. ఇరువది నిమిషముల ప్రసంగము తుదివరకు 12,000 సార్లు వినబడిననే ఆ మొత్తము పూర్తియగును. విన్నవారు సగటున ఐదేసి నిమిషములకే లేచిపోయినచో 48,000 సార్లు కావలెను. ఈ గణితము తెలియనివాడు మూడవ మాసముననే నిరాశ చెందును. తెలిసినవాడు పొలమును కొలిచి విత్తనమును సిద్ధపరచుకొన్న కృషీవలునివలె స్థిమితముగా నుండును.

మరియు అంకెలన్నియు ఒక్క అర్థము నీయవు. షార్ట్స్ అనబడు చిన్న వీడియోల విషయమున 2025 మార్చి 31 నుండి లెక్కించు పద్ధతి మారినది. ఎంతసేపు చూచిరన్న విచారణ లేక, ఆట మొదలైన ప్రతిసారియు, మరల మొదలైనను, ఒక వీక్షణముగా గణింపబడుచున్నది. అంకె పెరిగినంత మాత్రమున శ్రోత పెరిగినట్లు కాదు. చేరినవారందరును ప్రతి ప్రసంగమును విందురనియు కాదు. ఇరువదిమంది చూచిన వీడియోలో ఇద్దరు లేచిపోయిన నూటికి పదిమంది పోయినట్లు కనబడును. అంత స్వల్పసంఖ్యనుండి ఏ సిద్ధాంతమును చేయరాదు. ఆరుమాసముల క్రిందటి వీడియోను నిన్నటి వీడియోతో పోల్చుటయు తగదు. ప్రతిదాని మొదటి ఏడు దినములను వేరొకదాని మొదటి ఏడు దినములతో పోల్చుట న్యాయము.

ఈ మార్గమున రెండు గోతులు కలవు. మొదటిది రజోగుణమువలన కలుగునది. ఆత్మవిచారమును గూర్చి చెప్పిన ప్రసంగమును నలుబదిమంది వినగా, మూడు దినములలో ధనము కలిగించు మంత్రమను శీర్షికతో పెట్టినదానిని నాలుగువేలమంది చూచినచో, బోధకుని మనస్సు చలించును. నేడు శీర్షిక మారును. రేపు విషయము మారును. ఎల్లుండి మనిషియే మారును. అప్పటికి చానలు వృద్ధి చెందియుండవచ్చును, కాని దేనికొరకు అది పుట్టినదో అది చచ్చిపోయియుండును. ఇంతకు మించిన నష్టము ఏ అంకెలోను కనబడదు.

రెండవ గోయి తమోగుణమువలన కలుగునది. అది వైరాగ్యవేషమున వచ్చును గావున మరింత జాగరూకత కావలెను. కంఠధ్వని సరిగా వినబడదు. ఉపోద్ఘాతమే ఐదు నిమిషములు సాగును. శ్రోతలలో సగముమంది మొదటి నిమిషముననే వెడలిపోయిరని రేఖాచిత్రము స్పష్టముగా చూపును. ఐనను బోధకుడు, ఫలముతో నాకు పనిలేదు అని కన్నులు మూసికొనును. గీత త్యజింపుమన్నది ఫలాసక్తిని గాని కర్మకుశలతను కాదు. అతిథికి వడ్డించిన అన్నము మాడినదో లేదో చూడని గృహస్థుని నిష్కాముడని ఎవరందురు? ఆ రేఖాచిత్రము వినువాని అసౌకర్యమును తెలుపుచున్నది. దానిని ఆలకించుట సేవలోని భాగమే.

కాబట్టి లెక్కను కరణములయందును, చేష్టలయందును గల లోపములను దిద్దుకొనుటకు వినియోగింపవలెను. సత్యముయొక్క విలువను గాని, తన విలువను గాని దానితో తూచరాదు. వైట్ టౌన్ గల ఆ పుదుచ్చేరియే మరియొక సాక్ష్యమును గూడ ఇచ్చుచున్నది. మద్రాసులో 1906లో పుట్టిన ‘ఇండియా’ యను తమిళ వారపత్రిక, సుబ్రహ్మణ్య భారతి ఆధ్వర్యమున 1908లో పుదుచ్చేరికి వచ్చినది. బ్రిటిషు ప్రభుత్వము తన ప్రాంతములోనికి దానిని రానీయక నిషేధింపగా, 1910లో నిలిచిపోయెను. పాఠకుల చేతికే చేరనీయని పత్రిక విషయమున చందాల లెక్క భారతి యోగ్యతను ఎట్లు తెలుపగలదు? ‘ఆర్య’లో 1914లో మొదలైన ‘ది లైఫ్ డివైన్’ పుస్తకరూపమున మొదటి సంపుటముగా వెలువడినది 1939లో. విత్తినది ఇరువదియైదేండ్లకు గ్రంథమైనది. తొలిమాసపు ఏ పట్టికలోను దానికి గడి లేదు.

సాధకునికి ఈ నియమము హితకరము. వారమునకొక్క దినము, నిత్యానుష్ఠానము ముగిసిన పిమ్మటనే లెక్క చూడవలెను. ఒక పుస్తకమున మూడు విషయములు వ్రాసికొనవలెను: మొత్తము ఎన్ని గంటలు వినబడినది, ఎచట శ్రోతలు లేచిపోయిరి, ఏ సందేహములు అడిగిరి. వానినిబట్టి రాబోవు ప్రసంగమున దిద్దవలసినదానిని ఒక్కదానిని నిర్ణయించుకొని, పుస్తకమును మూసివేయవలెను. మిగిలిన ఆరు దినములును అధ్యయనమునకును, మననమునకును చెందినవి. మొలకకు నీరు పోయుటకై చూచుట వేరు. వేరూనినదో లేదో యని దినదినమును పెరికి చూచుట వేరు.

ఆసక్తి లేక లెక్క చూడగలవాడు, లెక్క చూచియు సత్యమును తగ్గింపనివాడు, ఒక్క శ్రోత యున్నను వేయిమంది యున్నను అదే శ్రద్ధతో మాటాడువాడు నిజమైన కర్మయోగి. వినువారిని పంపువాడు ఈశ్వరుడు. వచ్చినవారికి మలినము లేని నీటిని అందించుటయే బోధకుని పని. ఆ పాత్రను ప్రతిదినమును కడిగి, నింపి, సిద్ధముగా నుంచుకొనుడు.