ఆపద్ధర్మం, ఆపని ఇంజిన్

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున హైదరాబాద్ ఉత్తర శివారు చలికి ముడుచుకుపోతుంది. నగరం నడిబొడ్డు కంటే మేడ్చల్, శామీర్‌పేటల్లో చలి ఒక పట్టు ఎక్కువే. ఇళ్లు పలుచన, చెరువులూ పొలాలూ ఎక్కువ. పగలు పట్టిన వేడిని నేల త్వరగా వదిలేస్తుంది. రోడ్లకు మాత్రం ఆ వేళలోనూ నిద్ర ఉండదు. మేడ్చల్ మీదుగా నాగ్‌పూర్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వైపు రాజీవ్ రహదారి, రెండింటినీ కలుపుతూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు. బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయల ట్రాలీలు, జీనోమ్ వ్యాలీకి షిఫ్టు బస్సులు, ఉత్తరాది నుంచి వచ్చే లారీలు. ఇలాంటి రోడ్ల పక్కన పోలీసు పెట్రోలింగ్ బండి ఒకటి ఆగి ఉంటుంది. దీపాలు మెరుస్తుంటాయి, అద్దాలు ఎత్తి ఉంటాయి. చాలాసార్లు ఇంజిన్ కూడా నడుస్తూనే ఉంటుంది.

ఆ ఇంజిన్ నడుస్తూ ఉండాలా, ఆపేయాలా? పైకి డీజిల్ లెక్కలా కనిపించే ఈ ప్రశ్నలో ఒక ధర్మసందేహం దాగి ఉంది. కాపాడే బాధ్యత ఉన్నవాడు ఆ బాధ్యత పేరు మీద ఎంత హాని చేయవచ్చు? ఎప్పుడు చేయవచ్చు?

ఇంజిన్ ఆపని సిబ్బంది వైపు కూడా న్యాయం ఉంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులకు ఇన్నోవాలు ఇచ్చిన ఉద్దేశమే ఫోన్ వచ్చిన కొద్ది నిమిషాల్లో బండి అక్కడికి చేరాలని. వైర్‌లెస్ సెట్, జీపీఎస్, పైన తిరిగే దీపాలు, అన్నీ బ్యాటరీ మీదే బతుకుతాయి. తీరా పిలుపు వచ్చాక సెల్ఫ్ అందుకోకపోతే మాట పడేది డ్రైవరే. వీటన్నిటికీ తోడు లోపల కూర్చున్నది మనిషి. రాత్రంతా ఒకేచోట కూర్చున్న హోంగార్డుకు కాళ్లు కొయ్యబారతాయి. హీటర్ పనిచేయాలంటే ఇంజిన్ నడవాలి.

వీటిలో యంత్రం గురించిన భయాన్ని ముందుగా తేల్చేయవచ్చు. డీజిల్ బండి తాళం ఒక మెట్టు తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగులో చుట్టల గుర్తు వెలుగుతుంది. సిలిండర్లలోని గ్లో ప్లగ్‌లు వేడెక్కుతున్నాయని దానికి అర్థం. కొద్ది సెకన్లలో ఆ గుర్తు ఆరిపోతుంది, సెల్ఫ్ కొడితే బండి అందుకుంటుంది. ఇప్పటి ఇంజిన్లకు ఆ తర్వాత అర నిమిషం చాలు. నిలబెట్టి వేడి చేయడం కంటే నెమ్మదిగా నడిపితేనే త్వరగా వేడెక్కుతాయి. చలికి డీజిల్ నిజంగా గడ్డకట్టే చోటు లడాఖ్. అక్కడి కోసం మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని ప్రత్యేక డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో తెచ్చింది. హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి నాటి 6.1 డిగ్రీలు. ఇక్కడి చలికి వణికేది మనిషే గాని ఇంజిన్ కాదు.

పైగా ఊరికే నడిస్తే ఇంజిన్‌కే చేటు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల డీజిల్ బండ్లలో మసిని పట్టి ఉంచే ఫిల్టరు ఉంటుంది. బండి వేగంగా పోతూ సైలెన్సర్ గొట్టం బాగా వేడెక్కినప్పుడే ఆ మసి కాలిపోతుంది. గంటల తరబడి నిలబెట్టి నడిపితే ఆ వేడి పుట్టదు, ఫిల్టరు పూడుకుపోతుంది. అత్యవసరానికని సిద్ధంగా ఉంచిన బండి చివరికి మెకానిక్ షెడ్డుకు చేరుతుంది.

ఇక పొగ. చలికాలం తెల్లవారుజామున నేలను అంటుకున్న గాలి చల్లగా, పైన ఉన్న గాలి వెచ్చగా ఉంటుంది. పొగ పైకి లేవలేక మనుషుల ముక్కుల ఎత్తులోనే ఆగిపోతుంది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. నడుస్తున్న ఇంజిన్ పక్కన చాయ్ బండి పెట్టుకున్నవాళ్లు, కూరగాయల గంపతో ఆటో కోసం నిలబడ్డ ఆడవాళ్లు ఆ పొగనే పీలుస్తారు. లోపలివాళ్లకూ అది తప్పదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 2017 జూలైలో అమెరికాలోని ఆస్టిన్ నగర పోలీసులు సిబ్బంది అస్వస్థులవుతుండటంతో, ఈ వాయువు లోపలికి చేరుతోందన్న భయంతో దాదాపు 400 బండ్లను పక్కన పెట్టేశారు.

పోలీసు మాత్రం ఎవరికీ హాని తలపెట్టలేదు కదా అని అడగవచ్చు. ఈ ప్రశ్నకు జైనం సూటిగా జవాబిస్తుంది. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రం హింసను నిర్వచిస్తూ ఏమరపాటునే దాని మూలంగా చూపింది. ద్వేషం లేకపోయినా, పట్టించుకోకపోవడం వల్ల ప్రాణికి చేటు జరిగితే అదీ హింసే. ఇస్లాం ఇంకో వైపు నుంచి ఇక్కడికే వస్తుంది. పారే నది ఒడ్డున కూర్చుని నమాజుకు ముందు వుజూ చేసేటప్పుడు (కాళ్లూ చేతులూ కడుక్కునేటప్పుడు) కూడా నీళ్లు వృథా చేయవద్దని ప్రవక్త హితవు చెప్పినట్టు హదీసుల్లో ఉంది. సర్కారు డీజిల్‌కు కొదవ లేదనుకునేవాళ్లు ఆలోచించవలసిన మాట ఇది.

మహాభారతం శాంతిపర్వం ఈ చిక్కుముడిని మరింత లోతుగా విప్పుతుంది. అంపశయ్య మీది భీష్ముడు ధర్మరాజుకు రాజధర్మాలు చెప్పాక ఆపద్ధర్మాలు చెబుతాడు. అక్కడ వచ్చేదే విశ్వామిత్రుడి కథ. పన్నెండేళ్ల కరువు. ఆకలితో ప్రాణం పోయే స్థితిలో ఆ మహర్షి ఊరి వెలుపలి వాడలో ఒకరి ఇంటికి రాత్రివేళ వెళ్లి కుక్క మాంసం దొంగిలించబోతాడు. ఇంటి యజమాని మేలుకుని, ఇది మీకు తగదని వాదిస్తాడు. బతికి ఉంటేనే ధర్మం ఆచరించగలనని రుషి జవాబిస్తాడు. భారతం ఆయనను తప్పు పట్టలేదు. అయితే వానలు పడ్డాక ఆ దోషం పోయేదాకా ఆయన తపస్సు చేశాడనీ చెప్పింది. మినహాయింపును ఆయన కరువు దాటి ఒక్క రోజు కూడా పొడిగించుకోలేదు.

పోలీసు బండికి సమాజం ఇచ్చిన మినహాయింపులన్నీ ఇలాంటివే. సిగ్నల్ దాటవచ్చు, సైరన్ మోగించవచ్చు. ప్రాణం మీదికి వచ్చిన క్షణం కోసం ఇచ్చిన హక్కులవి. ఔటర్ మీద పొగమంచులో లారీ బోల్తాపడితే వెనక వచ్చే బండ్లకు కనబడేలా దీపాలు వెలిగించి ఇంజిన్ నడపడం ధర్మమే. గాయపడ్డవాణ్ణి లోపల పడుకోబెట్టి హీటర్ వేయడం ధర్మమే. టీ తాగుతున్న పావుగంటలో ఆపద ఏదీ లేదు. డ్రైవరు కూడా దిగిపోతే అది చట్టానికీ విరుద్ధం. బహిరంగ స్థలంలో ఆగిన బండిలో డ్రైవరు సీట్లో లైసెన్సు ఉన్న మనిషైనా ఉండాలి, లేదా ఇంజిన్ ఆపి బ్రేకు వేసి ఉండాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ చెబుతోంది. పెద్దలు చేసినదాన్నే లోకం అనుసరిస్తుందని గీత మూడో అధ్యాయం హెచ్చరిస్తుంది. రోడ్డు మీద పెద్ద, ఖాకీ చొక్కానే. షిఫ్టు బస్సు డ్రైవరును ఇంజిన్ ఆపమనే నైతిక బలం దానికి ఉండాలంటే ముందు తన తాళం తిప్పాలి.

ఇక్కడితో ఆపితే బరువంతా కానిస్టేబుల్ నెత్తిన పెట్టినట్టవుతుంది. అది అన్యాయం. అదే షిఫ్టులో బ్లూ కోల్ట్స్ సిబ్బంది బైకుల మీద చలిగాలికి ఎదురెళ్తుంటారు. వాళ్లకు హీటరే లేదు. చలి నుంచి మనిషిని కాపాడవలసింది డీజిల్ పొగ కాదు, అతణ్ణి అక్కడికి పంపిన వ్యవస్థ. మంచి జాకెట్లు, చేతి తొడుగులు, గంటకోసారి వెళ్లి వెచ్చబడటానికి కూడళ్ల దగ్గర ఒక చిన్న గది, వైర్‌లెస్‌కూ దీపాలకూ విడిగా రెండో బ్యాటరీ ఇస్తే చాలు. అమెరికాలో పోలీసుల కోసమే తయారైన హైబ్రిడ్ కార్లు వచ్చాయి. ఆగి ఉన్నప్పుడు వాటిలోని పరికరాలు పెద్ద బ్యాటరీ మీద నడుస్తాయి. అంత ఖర్చు వెంటనే సాధ్యం కాకపోయినా రెండో బ్యాటరీ మన స్తోమతకు మించింది కాదు.

కాబట్టి ఆపద లేనప్పుడు ఇంజిన్ ఆపాలి. ఆపగలిగే సౌకర్యం సిబ్బందికి ముందుగా సర్కారు కల్పించాలి. మేడ్చల్, శామీర్‌పేట వాసులు తమ స్థానిక ప్రతినిధులనూ, ఎమ్మెల్యేనూ కలిసినప్పుడు వీధి దీపాలతో పాటు రాత్రి గస్తీ సిబ్బందికి జాకెట్లు, బండ్లకు రెండో బ్యాటరీలు కూడా అడగాలి. పిల్లలను స్కూలు గేటు దగ్గర దింపేటప్పుడు తమ కార్ల ఇంజిన్లనూ ఆపాలి.