ముందు రోగి దగ్గర కూర్చో

చిరంజీవి అమ్మలుకి,



నీ ఉత్తరం ఈ పెద్దమ్మకు అందింది. బీటెక్ అయి, ఉద్యోగంలో కుదురుకుని, ఇప్పుడు అన్నీ వదిలి నీట్ రాయాలని ఉందన్నావు. ఇరవై అయిదు దాటాయి, ఆలస్యమైపోయిందా అని అడిగావు. వయసు సంగతి త్వరగానే తేలిపోతుంది కాబట్టి ముందు అది చెప్పేస్తాను. ఆ తర్వాత నువ్వు అడగని ప్రశ్న దగ్గరికి వస్తాను. అసలు సంగతి అక్కడే ఉంది.

నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు. చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండితే చాలు. నువ్వు ఇంటర్‌లో ఎంపీసీ కనుక జీవశాస్త్రం చదవలేదు. అదీ ఇప్పుడు తలుపు మూసే అడ్డంకి కాదు. ఇంటర్ పాసయ్యాక గుర్తింపు ఉన్న బోర్డు నుంచి జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా పూర్తి చేసినవాళ్లనూ అనుమతిస్తామని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. పరీక్ష 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటలు. అందులో సగం, అంటే 360 మార్కులు, నువ్వు పదో తరగతిలోనే వదిలేసిన జీవశాస్త్రానివి. ఒప్పు రాస్తే నాలుగు వస్తాయి, తప్పు రాస్తే ఒకటి పోతుంది.

నీ బీటెక్‌కు అక్కడ ఒక్క మార్కు కూడా కలవదని గుర్తుంచుకో. అమెరికాలో ఏదో ఒక డిగ్రీ చేశాకే మెడికల్ స్కూలుకు వెళ్తారు. ఇంగ్లండ్‌లో డిగ్రీ అయినవాళ్ల కోసం నాలుగేళ్ల కోర్సులు విడిగా ఉన్నాయి. మన దగ్గర అలాంటి దారి లేదు. నిన్న మొన్న ఇంటర్ రాసిన పిల్లల పక్కన కూర్చుని, వాళ్ల ప్రశ్నపత్రమే నువ్వూ రాయాలి. ఏటా ఇరవై లక్షల మందికి పైగా రాస్తున్నారు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. సీటొస్తే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్‌సర్జన్సీ. స్పెషలిస్టువి కావాలంటే ఆపైన మరో మూడేళ్లు. ఈ లెక్క చూసి భయపడమని అనను. లెక్క చూడకుండా మాత్రం ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకు.

ఇక నువ్వు అడగని ప్రశ్న. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆఫీసు గురించి రెండు పేజీలు రాశావు. చేసిన పని ఎవరికి ఉపయోగపడుతోందో తెలియకపోవడం, అర్ధరాత్రి కాల్స్, మేనేజరు మాటలు, ఏడాదికోసారి వచ్చే రేటింగు. రోగుల గురించి నాలుగు వాక్యాలే ఉన్నాయి. ఆ నాలుగూ మీ తాతయ్య చివరి రోజుల గురించి. ఆ నెలలో ఆయన పక్కన ఎక్కువగా ఉన్నది నువ్వే. పక్క మార్చడం, నోరు తడపడం, నొప్పి ఎక్కడో కనుక్కుని నర్సుకు చెప్పడం, ఇవన్నీ నీకెవరూ నేర్పలేదు. నాన్నను అలా చూసుకున్నందుకు కూతురిగా నీకు ఎంత రుణపడ్డానో చెప్పలేను. అందుకే నిజం చెప్పాల్సిన బాధ్యత కూడా నా మీద ఉంది. ఆ రెండు పేజీలకు ఎంబీబీఎస్ మందు కాదు. ఆ నాలుగు వాక్యాలను మాత్రం ఒక జీవితానికి పునాదిగా వేసుకోవచ్చు. ఏ వైపు నుంచి ఈ కోరిక పుట్టిందో ముందు నువ్వు తేల్చుకోవాలి.

ఎందుకంటే విసుగు వైద్యంలోనూ ఉంది. ప్రభుత్వాసుపత్రి ఓపీలో పొద్దున్నే చీటీలు పట్టుకుని నిలబడ్డ వరుసలో ఎక్కువ మందిది బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పి, రక్తహీనత. అవే ప్రశ్నలు అడుగుతాం, అవే మాత్రలు రాస్తాం. వాళ్లలో చాలామందికి జబ్బు పూర్తిగా పోదు. అదుపులో ఉంటే అదే విజయం. లేబర్ రూములో రాత్రంతా నిలబడి తల్లినీ బిడ్డనూ కాపాడిన రోజు ఉంటుంది. ఎంత చేసినా బిడ్డ దక్కక, బయట ఎదురుచూస్తున్న ఇంటివాళ్లకు ఆ మాట నువ్వే వెళ్లి చెప్పాల్సిన రోజూ ఉంటుంది. మెచ్చుకునేవాళ్లు ఉంటారు, కాలరు పట్టుకునేవాళ్లూ ఉంటారు. డాక్టరుగా నా సర్వీసంతా ఈ పనిలో గడిచింది. మళ్లీ పుడితే ఇదే పని కోరుకుంటాను. కానీ ఈ పని నన్ను నిలబెట్టింది గౌరవం వల్ల కాదు, జీతం వల్ల కాదు. ఎదురుగా ఉన్న మనిషి బాధ నాకు ఎప్పుడూ పాతబడలేదు. నీకు అలా పాతబడకుండా ఉంటుందా అన్నది ఏ కోచింగ్ సెంటరూ చెప్పలేదు.

ఈ సందర్భంలో నీకు సిసిలీ సాండర్స్ గురించి చెప్పాలి. ఇంగ్లండ్ దేశస్థురాలు, 1918లో పుట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది రాజనీతి, తత్వశాస్త్రం, అర్థశాస్త్రం. యుద్ధం రాగానే చదువు మధ్యలో ఆపి నర్సు శిక్షణకు వెళ్లింది. నడుము నొప్పి వల్ల ఆ పని కొనసాగించలేక, తిరిగి వెళ్లి డిగ్రీ పూర్తి చేసి, ఆసుపత్రిలో రోగుల కష్టసుఖాలు చూసే సోషల్ వర్కర్ అయింది. అక్కడ డేవిడ్ టాస్మా అనే పోలండ్ శరణార్థి క్యాన్సర్‌తో చనిపోతుండగా పరిచయమయ్యాడు. నా అనేవాళ్లు లేని మనిషి. 1948లో పోతూ పోతూ 500 పౌండ్లు ఆమెకు రాసిచ్చాడు. అప్పటి నుంచి ఆమె ఉద్యోగం చేసుకుంటూనే, చివరి దశ రోగులుండే సెయింట్ లూక్స్ ఆసుపత్రికి వెళ్లి స్వచ్ఛందంగా సేవ చేసింది. నొప్పి వచ్చేదాకా ఆగకుండా, వేళకు క్రమం తప్పక మందు ఇస్తే రోగి ప్రశాంతంగా ఉంటాడని అక్కడ కళ్లారా చూసింది. ఈ సంగతి లోకానికి చెప్పాలంటే నర్సు మాట, సోషల్ వర్కర్ మాట డాక్టర్లు వినరని, నువ్వే డాక్టరువి కమ్మని ఆమె పనిచేస్తున్న చోటి సర్జన్ సలహా ఇచ్చాడు. 33వ ఏట మెడికల్ కాలేజీలో చేరింది. 1957లో డాక్టరయింది. 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ తెరిచింది. ఈ రోజు మనం పాలియేటివ్ కేర్ అంటున్న వైద్యానికి ఆధునిక రూపం ఆమె చేతుల మీదుగానే వచ్చింది.

ముప్ఫై మూడేళ్ల వయసు చూసి ధైర్యం తెచ్చుకోమని ఈ కథ చెప్పడం లేదు. వరుస చూడు. ఆమె ముందు రోగి పక్కన కూర్చుంది. ఆ పని ఏమిటో తెలిసింది. పని చేస్తూ చేస్తూ ఒక చోట ఆగిపోయింది, ఆ చోటు దాటడానికి పట్టా అవసరమైంది. అప్పుడు చదువుకు వెళ్లింది. మనలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తాం. ముందు పట్టా కోసం పరుగు తీస్తాం, పని సంగతి తర్వాత చూసుకుంటాం. పద్దెనిమిదేళ్ల పిల్లకు వేరే మార్గం లేదు, పాపం, ఆ వయసులో ఏం చూసి ఉంటుంది? నీకు ఉంది. జీతం వస్తోంది, శని ఆదివారాలు నీవి. ఆలస్యంగా రావడంలో ఉన్న ఒకే ఒక్క లాభం ఇది. దాన్ని వదులుకోకు.

అందుకని నా మాట విని ముందు ఆరు నెలలు ఇది చెయ్యి. హైదరాబాద్‌లోనే ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, స్పర్శ్ హాస్పీస్ ఉంది. వెళ్లి అడుగు. వాలంటీరుగా ఏ పని ఇస్తే ఆ పని చెయ్యి. కేరళలో కోజికోడ్ నుంచి మొదలైన పాలియేటివ్ ఉద్యమం నడిచింది డాక్టర్లతో మాత్రమే కాదు. టీచర్లు, దుకాణదారులు, గృహిణులు శిక్షణ తీసుకుని మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లారు. పుండు వాసనకు ముక్కు మూసుకోకుండా ఉండగలవా, కోపంతో అరిచే రోగి మీద కోపం రాకుండా ఉంటుందా, ఎవరూ థాంక్స్ చెప్పని రోజు తర్వాత కూడా మళ్లీ వారం వెళ్లబుద్ధేస్తుందా, అక్కడే తెలుస్తుంది. తాతయ్యకు చేసింది ప్రేమతో. ముక్కూ ముఖం తెలియని మనిషికి చేయడం వేరు. అది కూడా నీలో ఉందని నేను అనుకుంటున్నాను. కానీ నేననుకుంటే సరిపోదు, నీకు తెలియాలి.

డబ్బు సంగతి సూటిగా రాస్తాను. కన్వీనర్ కోటాలో సీటు వస్తే తీసుకో. రాకపోతే బీ కేటగిరీ అనీ, ఎన్‌ఆర్‌ఐ కోటా అనీ మీ నాన్న రిటైర్మెంటు డబ్బు మీద కన్ను వెయ్యకు. అంత అప్పుతో డాక్టరైన మనిషికి ఎదుటి కుర్చీలో రోగి కాక వాయిదా కనిపించే ప్రమాదం ఉంది. రోగికి అవసరం లేని పరీక్ష రాసేటప్పుడు చేయి వణకాలి. అప్పు ఆ వణుకును పోగొడుతుంది. విదేశాల్లో తక్కువకే ఎంబీబీఎస్ అని ఏజెంట్లు వెంటపడతారు. దానికీ నీట్ అర్హత కావాలి, అక్కడ 54 నెలల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి, తిరిగొచ్చి విదేశీ పట్టా ఉన్నవాళ్లు రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష గట్టెక్కాలి, మళ్లీ ఇక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్. ఇవేవీ చెప్పకుండా ఫీజు మాత్రమే చెప్పేవాడి దగ్గర కూర్చోకు.

ప్రభుత్వ సీటు వచ్చినా అప్పు లేదనుకోకు. అక్కడ మనం చదువు నేర్చుకునేది పేదవాళ్ల ఒంటి మీద. మొదటిసారి సూది గుచ్చినప్పుడు నొప్పి భరించేది ఎవరో కూలీ మనిషి. పదిమంది విద్యార్థులు చుట్టూ నిలబడి పొట్ట నొక్కి చూస్తుంటే ఓర్చుకునేది పల్లె నుంచి వచ్చిన ఏ ముసలమ్మో. వాళ్లు మనకు గురువులు. ఆ రుణం ఏ బ్యాంకు వాయిదాతోనూ తీరదు. బతికినన్నాళ్లు మర్యాదగా, నిజాయితీగా వైద్యం చేస్తేనే కొంతైనా తీరుతుంది. ఆ రుణం తలకెత్తుకోవడానికి సిద్ధమైతేనే ఆ సీట్లో కూర్చో.

ఇంట్లో చెప్పకుండా ఏదీ మొదలుపెట్టకు. మీ అమ్మ నా చెల్లెలు, తన భయం నాకు తెలుసు. పెళ్లి వయసు దాటిపోతుందని తను రాత్రిళ్లు నిద్రపోదు. ఆ భయాన్ని చాదస్తమని కొట్టిపారేయకు. నీ వెనక ఎవరూ లేకుండా పోతారేమోనన్న బెంగ అది. ఎన్ని ప్రయత్నాలు చేస్తావో, ఎన్నాళ్లకు సరిపడా డబ్బు దాచావో, రాకపోతే ఏం చేస్తావో కాగితం మీద రాసి వాళ్ల ముందు పెట్టు. నీట్ రెండుసార్లు రాయి, మూడోసారి వద్దు అన్నది నా అభిప్రాయం. ఆశకు గడువు పెట్టుకోకపోతే అది మనిషిని తినేస్తుంది. పెళ్లి మాట వస్తే, నువ్వు చదువుతున్నావన్న సంగతి దాచి సంబంధం చూడవద్దని గట్టిగా చెప్పు. నీ నైట్ డ్యూటీలను గౌరవించే మనిషి దొరికేదాకా ఆగడం నష్టం కాదు.

కాలేజీలో చేరాక నీకన్నా ఏడెనిమిదేళ్లు చిన్నవాళ్లు నీ సీనియర్లవుతారు. నీకు పాఠం చెప్పే అసిస్టెంట్ ప్రొఫెసరు నీ ఈడువాడు కావచ్చు. ఉద్యోగం చేసి వచ్చానన్న గర్వం గేటు బయట వదిలెయ్యి. నర్సు దగ్గర, వార్డుబాయ్ దగ్గర కూడా నేర్చుకో. నీ ఇంజనీరింగ్ వృథా పోదు. తప్పు ఎక్కడ జరిగిందో ఓపికగా వెనక్కి వెళ్లి వెతకడం నీకు అలవాటైన పని, రోగ నిర్ధారణలో అది అక్కరకొస్తుంది. కానీ దాన్ని నువ్వు చెప్పుకోవద్దు, పనిలో కనిపించనియ్యి.

సీటు రాకపోతే రోగికి దూరమైపోయానని అనుకోవద్దు. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకో. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివినా ఆయనకు ఎంబీబీఎస్ ఇవ్వలేదు, అంతకన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ ఇచ్చారు. సోదరుడు స్ప్రూ జబ్బుతో చనిపోయిన దుఃఖం ఆయన్ను పరిశోధన వైపు నడిపింది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, అది ఆ జబ్బుకే మందయింది. బోదకాలుకు గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా ఆ ప్రయోగశాల నుంచి వచ్చిందే. ఆయన స్టెతస్కోపు పట్టి రోగుల్ని చూసింది తక్కువ, కాపాడినవాళ్లకు లెక్క లేదు. ఇంజనీర్ల మాటే చెప్పాలంటే, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్లూ ఇంజనీర్లూ ఏళ్ల తరబడి కలిసి శ్రమించి మన దేశపు కృత్రిమ గుండె కవాటం తయారుచేశారు. 1990 డిసెంబరులో మొదటిసారి ఒక రోగికి అమర్చారు. వైద్య పరికరాలు, ప్రజారోగ్యం, ఆసుపత్రి నిర్వహణ, ఇవన్నీ నీ డిగ్రీతోనే అడుగుపెట్టగల చోట్లు. వీటిని ఓడిపోయినవాళ్ల దారులుగా చూస్తే, నీకు కావలసింది రోగి మేలు కాదు, పేరు ముందు డాక్టర్ అన్న మాటేనని అర్థం. ఆ ఒక్క పరీక్ష నీకు నువ్వే పెట్టుకో.

కాబట్టి రాజీనామా ఉత్తరం ఇప్పుడే రాయకు. ఈ శనివారం నుంచి హాస్పీస్‌కు వెళ్లు. సాయంత్రాలు జీవశాస్త్రం మొదలుపెట్టు, బోర్డు దరఖాస్తు గడువు ఎప్పుడో కనుక్కో. ఆరు నెలల తర్వాత నాకు మళ్లీ ఉత్తరం రాయి. అందులో ఆఫీసు గురించి నాలుగు వాక్యాలు, రోగుల గురించి రెండు పేజీలు ఉంటే మీ అమ్మానాన్నల ముందు నీ తరఫున మాట్లాడే పూచీ నాది. చదువు ఖర్చులో నా పెన్షన్ నుంచి కొంత వాటా కూడా వస్తుంది. అలా లేకపోయినా దాచకుండా రాయి. చేతకాని పనికి జీవితం ఇవ్వకుండా ఆగినందుకు కూడా నిన్ను అంతే మెచ్చుకుంటాను.

ఆరోగ్యం జాగ్రత్త. వేళకు తిను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ