పాత ఆటలో ఖాళీ అయిన కుర్చీ

అన్యాయం నీడలో పుట్టిన కళను మనం ఆనందించవచ్చునా అనే ప్రశ్నను సాధారణంగా గొప్ప వాటిని గురించి వేస్తూ ఉంటారు. వెట్టిచాకిరితో లేచిన గుడిలోని శిల్పం గురించి, బానిసల యుగంలో పుట్టిన నాటకం గురించి వేస్తారు. అవి గొప్పవి గనక, ఆ గొప్పతనమే వకీలుగా నిలబడి వాటి తరపున వాదిస్తుంది. నేను అటువంటి వకీలు లేని ఒక చిన్న వస్తువును తీసుకొని ఈ ప్రశ్న వేయదలిచాను. అది ఒక అమెరికన్ టెలివిజన్ ఆట. పేరు ‘వాట్స్ మై లైన్’. నా వృత్తి ఏమిటో చెప్పుకోండి, అని దాని అర్థం.

నా పూర్వ విద్యార్థులు ఇద్దరు, భార్యాభర్తలు, రాత్రి భోజనాలయ్యాక ఈ ఆట పాత భాగాలు చూస్తూ ఉంటారు. వాళ్ళు పుట్టడానికి పాతికేళ్ళకు పైగా ముందే ఆగిపోయిన కార్యక్రమం అది. ఒకసారి నేను వాళ్ళింట్లో ఉండగా నన్నూ కూర్చోబెట్టారు. నేనూ నవ్వాను. నాలుగు భాగాలు చూసేసరికి అర్ధరాత్రి దాటింది. అక్కడే ఉన్న మరొక కుర్రవాడు, విద్యార్థి సంఘంలో పనిచేసేవాడు, చివరికి ఉండబట్టలేక, “మాస్టారూ, ఇది పెట్టుబడిదారీ కాలక్షేపం గదా, మీరు కూడానా?” అన్నాడు. అప్పుడు నేనేదో సరదాగా దాటవేశాను. కాని ప్రశ్న దాటిపోలేదు.

ఆట సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. 1950 ఫిబ్రవరి 2న సి.బి.ఎస్. నెట్‌వర్కులో మొదలై 1967 సెప్టెంబరు 3న ముగిసింది. 876 భాగాలు ప్రసారమైనాయి. తయారుచేసినవాళ్ళు మార్క్ గుడ్‌సన్, బిల్ టాడ్‌మన్. నడిపినవాడు జాన్ చార్ల్స్ డేలీ అనే వార్తాహరుడు. బల్ల వెనక నలుగురు పేరుగలవాళ్ళు కూర్చుంటారు. అందులో స్థిరపడినవారు పత్రికా రచయిత్రి డరొతీ కిల్గాలెన్, నటి ఆర్లీన్ ఫ్రాన్సిస్, రాండమ్ హౌస్ ప్రచురణ సంస్థ స్థాపకులలో ఒకడైన బెన్నెట్ సెర్ఫ్. మగవాళ్ళు విందుకు వచ్చినట్టు నల్లకోటులో, ఆడవాళ్ళు ఖరీదైన గౌనుల్లో ఉంటారు. ఒక మామూలు మనిషి లోపలికి వచ్చి నల్లబల్ల మీద తన పేరు రాస్తాడు. అతని వృత్తి ఏమిటో చూసేవాళ్ళకు తెరమీద అక్షరాల్లో కనిపిస్తుంది. ఆ నలుగురికి మాత్రం తెలియదు. ‘అవును’, ‘కాదు’ అని జవాబు వచ్చే ప్రశ్నలు వేస్తూ వాళ్ళు దాన్ని పట్టుకోవాలి. ఒక్కొక్క ‘కాదు’కు వచ్చిన మనిషికి 5 డాలర్లు. పది ‘కాదు’లు పడితే ఆట అతనిది, 50 డాలర్లు అతనివి. చివర ఒక ప్రసిద్ధ వ్యక్తి వస్తాడు. అప్పుడు మాత్రం ఆ నలుగురూ కళ్ళకు గంతలు కట్టుకుంటారు.

ఇందులో మెచ్చుకోదగినది ఏమీ లేదనడం సరికాదు. వినోద పరిశ్రమలో శ్రామికుడు సాధారణంగా కనబడడు. కనబడినా తలుపు తీసేవాడుగానో, పళ్ళెం తెచ్చేవాడుగానో కనబడతాడు. ఇక్కడ అతను ఆటకు కేంద్రం. రహస్యం అతని దగ్గర ఉంది. ధనమూ చదువూ పరపతీ ఉన్న నలుగురు అతని చుట్టూ తడుముకుంటారు. నిజం తెలిసిన ప్రేక్షకులు నవ్వేది అతన్ని చూసి కాదు, వాళ్ళను చూసి. ఆదివారం రాత్రి పదిన్నరకు, తెల్లవారితే పనిలోకి పోవలసిన మనిషి, తన వంటివాడి ముందు పెద్దమనుషులు తెల్లమొహం వేయడం చూసి నవ్వుకొని నిద్రపోయేవాడన్నమాట. ఈ నవ్వులో న్యాయమైన అంశం ఒకటి ఉంది. నా విద్యార్థులను కట్టిపడేసేదీ అదే అనుకుంటాను. వాళ్ళు తెరమీద అక్షరాలు పడేటప్పుడు కళ్ళు మూసుకొని, ఆ నలుగురితో పాటు తామూ ఓడిపోవడం సరదాగా భావిస్తారు.

ఇంకొక విశేషం కూడా చెప్పాలి. ఆట మొదలుపెడుతూ డేలీ ఇచ్చే ఆధారం ఒకటే: ఈ మనిషి జీతగాడా, సొంతంగా పనిచేసుకొనేవాడా అన్నది. తరువాత బల్ల వెనకనుంచి తరచుగా వచ్చే ప్రశ్న, మీరు పనిచేసే సంస్థ లాభం కోసం నడిచేదేనా అని. రాజకీయ అర్థశాస్త్రం చదివినవాడు ముందుగా వేసే ప్రశ్నలూ ఇవే గదా! తొలి సంవత్సరాల్లో వచ్చిన మనిషి ఆ నలుగురి ముందుగా నడిచివెళ్ళేవాడు. వాళ్ళు అతని చేతులు పరిశీలించేవారు. శ్రమ ముందుగా తన ముద్ర వేసేది చేతులమీదనే అని ఆ నల్లకోటువాళ్ళకు తెలుసు.

అయితే ఆట రక్తి కట్టడానికి నిర్వాహకులు ఎటువంటి మనిషిని వెతికేవారో కూడా చూడాలి. చూడగానే వృత్తి పోల్చదగినవాడు పనికిరాడు. రూపానికీ వృత్తికీ పొంతన కుదరనట్టు కనిపించాలి. మగవాళ్ళదనుకొనే పని చేసే స్త్రీ వస్తే నవ్వు సిద్ధంగా ఉంటుంది. అంటే ఈ వినోదానికి ముడిసరుకు, ఏ పని ఎవరు చేయాలో లోకానికి ముందే ఉన్న అభిప్రాయం. ఈనాడు చూస్తే కొన్నిచోట్ల ఆ నవ్వు అర్థంకాక మనం తెల్లబోతాం. ఆ తెల్లబోవడం మంచిదే. అరవై డెబ్బై ఏళ్ళలో ప్రపంచం ఎంత కదిలిందో దానివల్ల తెలుస్తుంది. మనమింకా నవ్వుతున్న చోట ఎంత కదలవలసి ఉందో కూడా తెలుస్తుంది.

తొలి సంవత్సరాల్లో ఈ కార్యక్రమానికి డబ్బు పెట్టినది ‘స్టాపెట్’ అనే సరుకు. అది చెమటనూ చెమట వాసననూ పోగొట్టే మందు. పనిచేసే మనుషులను చూపించే ఆటకు చెమట కనబడకుండా చేసే మందు ఖర్చు భరించింది. ఇది ఎవరూ కావాలని చేసిన వ్యంగ్యం కాదు. మార్కెట్టు తనకు తెలియకుండానే తన తత్వం చెప్పుకుంటూ ఉంటుంది. ఆ గంతల సంగతీ అంతే. పేరుగలవాడు వస్తే కళ్ళకు గంతలు కట్టాలి, లేకపోతే చూడగానే పోల్చేస్తారు. పనిచేసేవాడు వస్తే గంతల అవసరం లేదు. కళ్ళు తెరిచి ఉన్నా వాళ్ళకతను కనబడడు.

మనవాళ్ళు దీన్ని చూసి అమెరికాను వెక్కిరించడానికి తొందరపడనక్కరలేదు. ఆ ఆట ఆడాలంటే ఒక షరతు ఉంది: మనిషి పేరుకూ ఊళ్ళో అతని ఇల్లు ఉన్న చోటుకూ అతని వృత్తి అంటుకొని ఉండకూడదు. మన పాత పల్లెలో ఈ ఆట సాగేదా? కుమ్మరి వచ్చినా, మంగలి వచ్చినా, చాకలి వచ్చినా మొదటి ప్రశ్నకు ముందే ఆట ముగిసేది. వాళ్ళ తాత పని ఏమిటో, మనుమడి పని ఏమి కావాలో కూడా ఊరు ముందే నిర్ణయించి పెట్టుకుంది. ఒక మనిషి వృత్తి పొడుపుకథ కావడం కూడా ఒక మెట్టు స్వేచ్ఛేనని మనం ఒప్పుకోవాలి.

ఇంతవరకు ఉన్నది గుణదోషాల లెక్క. అసలు చిక్కు వేరే ఉంది.

సెర్ఫ్ స్థిరంగా కూర్చున్న కుర్చీలో ఆయనకు ముందు లూయీ అంటర్‌మేయర్ కూర్చునేవాడు. 1885లో పుట్టిన ఈయన కవి. ఆధునిక అమెరికన్ కవిత్వానికి ఈయన కూర్చిన సంకలనాలు విశ్వవిద్యాలయాల్లో తరాల తరబడి పాఠ్యగ్రంథాలైనాయి. 1923 దాకా కుటుంబంవారి నగల వ్యాపారంలో పనిచేశాడు. యౌవనంలో ‘ది మాసెస్’ అనే సోషలిస్టు పత్రికతో కలిసి నడిచాడు. 1950 జూన్‌లో ‘రెడ్ చానెల్స్’ అనే చిన్న పుస్తకం వెలువడింది. రేడియో టెలివిజన్ రంగాల్లో కమ్యూనిస్టు సానుభూతిపరులని అందులో 151 మంది పేర్లు అచ్చువేశారు. ఆ పేర్లలో ఈయనదీ ఒకటి. నిరసన ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ప్రకటనదారూ నెట్‌వర్కూ బెదిరిపోయారు. విచారణ లేదు, తీర్పు లేదు. 1951 మార్చికల్లా ఆ కుర్చీలో సెర్ఫ్ ఉన్నాడు. ఆ దెబ్బకు అంటర్‌మేయర్ ఏడాదికి పైగా తన ఇంటి గడప దాటలేదని నాటకకర్త ఆర్థర్ మిల్లర్ 1987లో వెలువడిన ఆత్మకథలో రాశాడు. 1961లో కాంగ్రెస్ లైబ్రరీ ఆయన్ను కవిత్వ సలహాదారుగా నియమించింది. ప్రభుత్వం ఆ విధంగా మర్యాద చేసింది. కాని గడప దాటని ఆ కాలాన్ని ఏ నియామకమూ తిరిగి ఇవ్వదు.

నిర్మాత గుడ్‌సన్ 1991 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఆదివారపు పత్రికలో ఈ సంగతులు బయటపెట్టి వ్యాసం రాశాడు. నేను ముందే నిలబడి ఉంటే, అన్నది దాని శీర్షిక. నలభై ఏళ్ళ తరువాత వచ్చిన మాట.

ఆ తొలి భాగాలు చాలావరకు ఇప్పుడు లేవు. ప్రసారాన్ని తెరమీదనుంచి ఫిల్ముకు ఎక్కించి, ఆ ఫిల్ములను నెట్‌వర్కు ధ్వంసం చేస్తూ వచ్చింది. 1952 వేసవిలో ఆ సంగతి తెలిసి నిర్మాతలు డబ్బు కట్టి దాయించడం మొదలుపెట్టారు. కనక ఈనాడు అభిమానులు చూసి ఆనందించేది దాదాపు అంతా ఆయన వెళ్ళిపోయిన తరువాతి ఆట. ఆయన లేని లోటు అందులో ఎక్కడా కనబడదు. సెర్ఫ్ చమత్కారి, మాటకారి. జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ మీద ఉన్న నిషేధం ఎత్తివేయించడానికి కోర్టుకెక్కి 1933లో గెలిచిన ప్రచురణకర్త. పుస్తకాన్ని చదివే హక్కు కోసం పోరాడిన అటువంటి మనిషి, ఒక కవిని తరిమేసిన కుర్చీలో పదహారేళ్ళు నవ్వుతూ కూర్చున్నాడు. తరిమినవాడు ఆయన కాడు. ఖాళీగా ఉన్న చోట కూర్చున్నాడు. దీన్ని నేరం అనగలమా?

ఈ ప్రశ్నకు నేను తీర్పరిని కాలేను. కారణం చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం నేను ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతుండగా, పార్ట్‌టైమ్ లెక్చరర్ ఒకతను క్లాసులో రాజకీయాలు మాట్లాడుతున్నాడని యాజమాన్యానికి ఉత్తరాలు వచ్చాయి. ఉత్తరాలు రాసినదెవరో ఎవరూ అడగలేదు. ఒక సోమవారం అతను రాలేదు. అతని పీరియడ్లు పంచారు. వారానికి నాలుగు నాకు వచ్చాయి. వాటితో పాటు కొంత డబ్బు కూడా వచ్చింది. పిల్లల చదువు పాడుకాకూడదు గదా అనుకున్నాను. ఆ మాట అబద్ధం కాదు. ఆ పాఠాలు శ్రద్ధగానే చెప్పాను. కాని ఆ మాట నిజం కావడం చేతనే నాకది అంత అనువుగా దొరికింది. అబద్ధపు సాకు మనిషిని ఎప్పుడో ఒకప్పుడు గుచ్చుతుంది. నిజమైన సాకు హాయిగా నిద్రపోనిస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ ఆట చూడడం మానేయాలా? మానేస్తే అంటర్‌మేయర్‌కు ఒరిగేదేమీ లేదు. ఆయన 1977లోనే చనిపోయాడు. చూసేవాడు ఎవరి కుర్చీలోనూ కూర్చోవడం లేదు. ఎప్పుడో జరిగిపోయినదాన్ని బహిష్కరించడం అన్నిటికన్నా చౌకైన నీతి. ఇక రెండవ వాదం, కళ వేరు దాని వెనక కథ వేరు, ఆనందించి ఊరుకోవచ్చు అన్నది. ఇది కూడా నిలవదు. మనం ఆనందిస్తున్న ఆ చమత్కారం ఆ కుర్చీలోనుంచే వస్తున్నది. మూడవది మన అభ్యుదయవాదులకు ప్రియమైనది: వెనక సంగతి అంతా తెలుసుకొని, విమర్శనాత్మకంగా ఆనందించాలి. నేనూ చాలాకాలం ఇదే చెప్పాను. కాని తెలుసుకొన్నదాని వల్ల నా నడతలో ఏమీ మారకపోతే, ఆ తెలివి నా ఆనందానికి ఒక నగ మాత్రమే. నల్లకోటుకు గుచ్చుకున్న పువ్వు వంటిది.

కనక ఆనందించడం నేరం కాదు గాని, ఆనందం ఒక బాకీ మిగుల్చుతుంది. ఆ బాకీ గతానికి తీర్చలేము, వర్తమానానికి తీర్చాలి. నేను పనిచేసే గదిలో నిన్నటిదాకా ఉండి ఇవాళ లేనిదెవరు? ఆ మనిషి పని ఇవాళ ఎవరి చేతికి వచ్చింది? ఈ ప్రశ్నలు వేయడానికి ఖర్చవుతుంది. ఖర్చయ్యే చోట వేసినప్పుడే అవి ప్రశ్నలు.

నేను ఆ లెక్చరర్ మిత్రుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. ఇంటిదగ్గర ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. నేను వచ్చిన పని చెప్పడానికి తంటాలు పడుతుంటే అతనే అందుకున్నాడు. “మీరు బాగా చెప్పారని పిల్లలు అన్నారండీ. సంతోషించాను. కొంచెం బాధ కూడా వేసింది. ఆ రోజు స్టాఫ్ రూములో ఎవరైనా ఒక్కరు, ‘అతను ఎందుకు రాలేదు?’ అని పైకి అడిగారా?” అన్నాడు.

అడగలేదని చెప్పాను.

అడిగి ఉంటే ఏమయ్యేది? బహుశా ఏమీ అయ్యేది కాదు. ‘అదంతా మీకెందుకు’ అని ఉండేవారు. కాని ఆ ఆటలో కూర్చున్న నల్లకోటువాళ్ళు సైతం ‘కాదు’ అనిపించుకోవడానికి జంకకుండా మళ్ళీ మళ్ళీ అడుగుతారు. ఆట ముగియాలంటే పది ‘కాదు’లు కావాలి. మేము మొదటి ‘కాదు’కే భయపడి, నోరు విప్పకుండానే ఆట ముగించాం.

నా విద్యార్థులు ఇప్పటికీ రాత్రిళ్ళు ఆ ఆట చూస్తూనే ఉన్నారు. పిలిస్తే నేనూ వెళ్ళి కూర్చుంటాను, నవ్వు వచ్చినచోట నవ్వుతాను. ఆ సంఘం కుర్రవాడికి ఇంతకన్నా పెద్ద జవాబు నా దగ్గర లేదు. అతను పనిచేసే చోట ఈమధ్య ఎవరి కుర్చీ అయినా ఖాళీ అయిందేమో కనుక్కోమని మాత్రం చెప్పాను.